మనిషి లేని చోట కరెంటు

మొన్న రేషన్ దుకాణంలో నా బొటనవేలిని ఆ చిన్న గాజుపలక మీద పెట్టమన్నారు. పెట్టాను. తుడుచుకుని మళ్ళీ పెట్టమన్నారు. చీరకొంగుకు తుడుచుకుని మళ్ళీ పెట్టాను. కుడిచేయి కాకపోతే ఎడమచేయి, బొటనవేలు కాకపోతే చూపుడువేలు అంటూ ఉన్న వేళ్ళన్నీ అయ్యాక, దుకాణంలో కూర్చున్న అమ్మాయి నా చేతిని వెలుతురుకు తిప్పి చూసి, పాట్టీ, మీ వేళ్ళ మీద గీతలే లేవు కదా అని తమిళంలో అంది. పాట్టీ అంటే అవ్వ. ఎక్కడి నుంచి ఉంటాయి? బొడ్డూడని వయసు నుంచి అగ్గిపుల్లలు పేర్చీ, మందు అంటిన పెట్టెలు సర్దీ వేళ్ళు నున్నగా అరిగిపోయిన ఆడవాళ్ళు కోవిల్‌పట్టి చుట్టుపక్కల ఏ వీధిలో చూసినా ఉంటారు. గీతలు అడిగే ఈ యంత్రాన్ని కనిపెట్టినవాడు మా వైపు ఎప్పుడూ రాలేదు కాబోలు. ఎట్టకేలకు ఏదో ఒక వేలు కుదిరింది అనుకునేలోగా ఆ అమ్మాయి పలకను పక్కకు నెట్టేసి, ఇక వేలితో పని లేదు, సర్వరే లేదు, రేపు రండి అని చెప్పింది.

నేను ఊరుకునే మనిషిని కాదు. ఆ సర్వర్ ఎక్కడ ఉంది అని అడిగాను. చెన్నైలో ఉందేమో అంది. దాని పక్కన ఎవరు కూర్చుని ఉన్నారు అని అడిగాను. వరుసలో నిలబడ్డవాళ్ళందరూ నవ్వారు. సర్వర్ పక్కన ఎవరైనా కూర్చుంటారా, ఈ ముసలామెకు ఎండ తగిలింది అని వెనక నుంచి ఎవరో అన్నారు. వాళ్ళ మీద నాకేమీ కోపం లేదు. వాళ్ళకు తెలియదు, ఒకప్పుడు మా దగ్గరే సర్వర్ ఉండేదనీ, దాని పక్కన మా అమ్మ నులకమంచం వేసుకుని కూర్చునేదనీ. ఖాళీ సంచీ చంకలో పెట్టుకుని ఇంటికి నడిచి వచ్చేసరికి మోకాళ్ళు అలిసిపోయాయి కానీ, మనసు మాత్రం ఎక్కడెక్కడో తిరిగి వచ్చింది.

మా వైపు అగ్గిపెట్టెలు చేసే చోటును ఎవరూ కర్మాగారం అనరు. ఆఫీసు అంటారు. అందుచేత నా ఈడు వాళ్ళను ఎవరినడిగినా చిన్నప్పటి నుంచీ ఆఫీసుకు పోయామనే చెబుతారు, బడికి పోయామని చెప్పేవాళ్ళు తక్కువ. నాకు తమిళ అక్షరాలు వచ్చింది ముప్పై దాటాక, తొంభైల్లో ఊరూరా పెద్దవాళ్ళకు సాయంకాలపు చదువులు పెట్టిన రోజుల్లో. తెలుగు అక్షరాలు ఇంకా ఆలస్యం. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, ఆ మాటకు రాత కూడా ఉంటుందని మా ఇంట్లో ఎవరికీ పట్టింపు లేదు. విరుదునగర్‌లో రైల్వే క్వార్టర్స్‌లో కాపురమున్న ఒక గుంటూరు టీచరమ్మ పుణ్యమా అని నలభై దాటాక అవీ నేర్చుకున్నాను. మీ తెలుగు వింటే చచ్చిపోయిన మా జేజమ్మ గుర్తొస్తుందని ఆమె నవ్వేది. అందుకే నేను రాసేది పుస్తకాల తెలుగు, మాట్లాడేది వేరే తెలుగు. ఆ రెంటి మధ్య తేడాను మీరే సర్దుకోవాలి, నాకిక ఓపిక లేదు.

మా తమ్ముడు నాకంటే చాలా చిన్నవాడు. వాడు పదో తరగతితో చదువు ఆపేసి విరుదునగర్‌లో కంప్యూటర్లు రిపేరు చేసే ఒక దుకాణంలో చేరాడు. కింద మిరపకాయల మండీ, పైన మేడమీద ఆ దుకాణం. మిట్టమధ్యాహ్నం బస్తాలు దులిపే వేళ మేడమీద ఉన్న మనుషులందరూ తుమ్ములతోనే మాట్లాడుకునేవాళ్ళు. అక్కడే ఏదో పత్రికతో పాటు ఊరికే వచ్చిన సీడీ ఒకటి వాడి చేతికి చిక్కింది. కంప్యూటర్‌ను నడిపించే ప్రోగ్రాము, పేరు లినక్స్ అన్నాడు. ఎవరికీ సొంతం కానిది, లోకమంతా కలిసి రాసుకున్నది, ఎవరినీ అడగకుండా వాడుకోవచ్చు అని ఇంటికొచ్చి అన్నం తింటున్నంత సేపూ చెప్పాడు. ఎవరిదీ కాని ఎద్దుకు మేత ఎవరు వేస్తారురా అని నేను అడిగాను. అది మంచి ప్రశ్నే అన్నాడు. తరువాత ఎన్నో ఏళ్ళు ఆ ఎద్దుకు మేత వేసింది వాడే.

ఆ రోజుల్లో ఒక కంప్యూటర్‌తో పని చేయించుకోవడమంటే ఎంత యాతనో ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. ఫోను తీగకు తగిలించే మోడెం ఒకటి కొని తెచ్చాడు. లినక్స్‌లో అది కదలదు, మెదలదు. విప్పి చూసి, అక్కా, ఇది సగం మోడెమే, మిగతా సగం పని కంప్యూటర్ చేత చేయించుకుంటుంది, అందుకే చవక అన్నాడు. సొంత కాళ్ళ మీద నిలబడని వస్తువును కొన్నది ఎవరి తప్పు అని నేను ముఖం మీదే అడిగాను. ఇంకోసారి, బాగా పని చేసిన నెట్‌వర్క్ కార్డు లాంటిదే కావాలని అదే పేరు, అదే పెట్టె చూసి ఇంకొకటి తెచ్చాడు. అదీ కదలదు. పెట్టె అదే, పేరు అదే, లోపలి చిప్పు వేరు. అది వినగానే నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఒకే రోజు, ఒకే మందుతో చేసిన అగ్గిపెట్టెలకు పొద్దున నెమలి బొమ్మ, మధ్యాహ్నం ఓడ బొమ్మ అతికించి పంపిన చేతులు నావి. లేబుల్‌ను నమ్మకూడదని నాకు వాడికంటే ముందే తెలుసు. వాడు మాత్రం ప్రతిసారీ కొత్తగా నమ్మి, కొత్తగా మోసపోయి, ఏ చిప్పు మంచిదో ఏది కాదో ఊరందరికీ చెబుతూ తిరిగేవాడు. వినేవాళ్ళు లేక చివరికి నాకే చెప్పేవాడు. పప్పు రుబ్బుతూ నేను విన్న ఆ చిప్పుల పేర్లలో కొన్ని ఇప్పటికీ నాలుక మీద ఉన్నాయి, దేనికీ పనికిరాకపోయినా.

ఒకసారి తెరమీద తెలుగు అక్షరాలు తెప్పించాడు. అప్పుడే టీచరమ్మ దగ్గర ఒత్తులు నేర్చుకుంటున్న నేను పక్కన కూర్చుని చూస్తే, ఒత్తు అక్షరం కిందికి దిగకుండా పక్కకు జరిగి, చుట్టూ చుక్కల సున్నా ఒకటి చుట్టుకుని నిలబడింది. అది కూడా ఒక అక్షరమే అనుకుని పలక మీద దిద్దుకుని పోయి చూపించాను. ఆ టీచరమ్మ ఎంత సేపు చూసిందో పాపం.

ఇక అసలు సంగతికి వస్తాను. రెండువేల సంవత్సరం దాటి అప్పటికి కొన్నేళ్ళయింది. విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి వచ్చే దారిలో ఉన్న ఒక ఇంజనీరింగు కాలేజీలో ఒక సారు ఉండేవాడు. కంప్యూటర్లు బాగుచేయడానికి పోయినప్పుడల్లా మా తమ్ముడితో ఆయన మాట్లాడేవాడు. ఆయనకు ఒక పెద్ద లెక్క తేలాలి. కాలేజీలో ఉన్న ఒక్కొక్క యంత్రానికీ అది మోయలేని బరువు. పాత కంప్యూటర్లను కొన్నింటిని తీగలతో కలిపి, లినక్స్ వేసి, అన్నీ ఒకే యంత్రంలా పని చేసేటట్టు చేయొచ్చు సార్, క్లస్టర్ అంటారు దాన్ని అని మా వాడు నోరు జారాడు. సారు కాలేజీ యాజమాన్యంతో మాట్లాడాడు. ఈ మనిషికి డిగ్రీ లేదు, కానీ ఇది చేసి చూపిస్తే ల్యాబు చూసుకునే ఉద్యోగం ఇద్దాం అని వాళ్ళు ఒప్పుకున్నారు. కాలేజీ తెరిచేలోగా లెక్క తేలాలి, తేలకపోతే మాట లేదు. ఎండాకాలం సెలవుల్లో ల్యాబుకు తాళం వేస్తారు కాబట్టి చోటు కూడా మనమే చూసుకోవాలి. పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నవాడికి, మేడమీద తుమ్ముతూ బతికేవాడికి, అది మళ్ళీ వచ్చే అవకాశం కాదు. అది వాడికీ తెలుసు, మాకూ తెలుసు.

చోటు మా మేనమామది. కోవిల్‌పట్టి అంచున ఆయనదొక చిన్న ఆఫీసు ఉండేది, చేతితో పని చేసే రకం. పెద్ద యంత్రాల ఆఫీసులు వచ్చాక మూతపడి, గోడౌను మాత్రం మిగిలింది. అందులో మందులో ముంచిన పుల్లల చట్రాలను ఆరబెట్టే పొడవాటి అరలు ఖాళీగా ఉండేవి. ఆ అరల మీదే కంప్యూటర్లను వరుసగా పేర్చాడు మా తమ్ముడు. మూతపడిన ఒక టైపింగు సంస్థ నుంచి వాటిని తెచ్చాడు, అదీ మిరపకాయల బస్తాలు దించి తిరిగి వచ్చే లారీలో. మొదటిసారి స్విచ్ వేసినప్పుడు వాటి లోపలి ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా తిరిగి, లారీలో మింగిన మిరపపొడినంతా గదిలోకి ఊదేశాయి. సారు, తమ్ముడు, నేను కళ్ళు తుడుచుకుంటూ బయటికి పరిగెత్తాము. మా అమ్మ దిష్టికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టిన దండ తెచ్చి తలుపుకు కట్టబోతుంటే, వద్దమ్మా, లోపల ఉన్నవే చాలు అన్నాడు తమ్ముడు.

ఆ గోడౌను గురించి ఒక సంగతి చెప్పాలి. అది ఆఫీసుగా నడిచే రోజుల్లో, నేను పెళ్ళికాని పిల్లగా ఉన్నప్పుడు, అందరూ మధ్యాహ్నం కూటికి పోయిన వేళ, మనుషులు లేని ఆ గదిలో వెలుగుతూ వదిలేసిన బల్బు తీగ కాలి, కట్టలు కట్టి పెట్టిన పెట్టెలకు అంటుకుంది. మా అమ్మ చెల్లెలు, నాకు చిన్నమ్మ, ఆ నెలంతా చేసిన సరుకు అదేనని కట్టలను బయటికి లాగడానికి లోపలికి పోయింది. ఆ గదికి ఒకటే తలుపు. ఇంతకంటే నేను రాయను. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక కట్టుబాటు. చివరగా బయటికి వచ్చేవాళ్ళు మెయిన్ స్విచ్ పిడిని కిందికి లాగి, చేత్తో తడిమి చూసుకుని, అప్పుడు గొళ్ళెం పెట్టాలి. మనిషి లేని చోట కరెంటు ఉండకూడదు. చంటిపిల్లకు కూడా తెలిసిన మాట అది మా ఇంట్లో. మీలోనూ ఈ వైపు ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళు ఉంటే, మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది.

లెక్క మొదలైంది. ఒకసారి మొదలైతే రాత్రీ పగలూ నడవాలి, మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికి వస్తుంది, దాచిపెట్టుకునే ఏర్పాటు ఆ ప్రోగ్రాములో లేదు. కరెంటు పోతే ఆదుకోవడానికి లారీ బ్యాటరీలు, ఇంకా ఎక్కువసేపు పోతే మైక్‌సెట్టు అతని దగ్గర అద్దెకు తెచ్చిన జనరేటరు. అన్నీ ఆలోచించాడు మా వాడు, ఒక్కటి తప్ప. కొన్ని రోజులు నడిచాక ఒక పొద్దున వాడు విరుదునగర్ పోయి పాడైన ఫ్యానుకు బదులు ఇంకొకటి తీసుకుని వచ్చేసరికి గోడౌను చీకటిగా, చప్పుడు లేకుండా ఉంది. ఊడ్చడానికి పోయిన అమ్మ, పని అయ్యాక, ముప్పై ఏళ్ళుగా చేసే పనే చేసి గొళ్ళెం పెట్టి వచ్చింది.

వాడు గడప మీద కూర్చుండిపోయాడు.

"ఏంరా, అట్ల కూర్చుండావు?" అంది అమ్మ. "దీపం మలిపినా, అంతే కద." మలపడమంటే మా ఇంటి మాటలో ఆర్పడం.

"ఇన్ని దినాల లెక్క పోయిందమ్మా."

"లెక్క యాడికి పోతాది? మళ్ళా వేసుకో."

మళ్ళా వేసుకున్నాడు. ఈసారి మెయిన్ స్విచ్ మీద పెద్ద కాగితం అంటించాడు, ఆపవద్దు అని. అమ్మకు చదువు రాదు కాబట్టి నేను చదివి వినిపించాను. ఆమె విని, "కాయితం మంటను మలుపుతాదా?" అని అడిగింది. రెండు రోజులకు వాడు భోజనానికి ఇంటికి వచ్చిన కాసేపట్లో ఆమె పోయి మళ్ళీ పిడి లాగేసింది. పిచ్చితనమో, మొండితనమో కాదు. లోపల మనుషులు లేకుండా ఆ గదిలో తీగలు వేడెక్కుతున్నాయన్న సంగతి తెలిసి, ఇంట్లో కూర్చుని అన్నం కలుపుకోవడం ఆమె వల్ల కాలేదు. చేయి ఊరుకోలేదు. అంతే.

వాడు ఆ సాయంత్రం ఏమీ తినలేదు. మా మరదలు పాత్రలు తోమే చప్పుడులో అంతా ఉంది. కాలేజీ తెరిచే రోజు దగ్గర పడుతోంది. ఇంకొక్కసారి ఆగితే ఇక ఆ ఉద్యోగం లేనట్టే. నేను తమ్ముణ్ణి పెరట్లోకి పిలిచాను.

"ఒరే, అమ్మకు కరెంటు సంగతి చెప్పొద్దు. ఆ మిషన్లు ఏం లెక్క వేస్తుండాయో అది చెప్పు."

"ఆమెకు అర్థమౌతాదా అక్కా?"

"నాకు చెప్పినావా? నాకూ చెప్పలేదు. చిప్పుల పేర్లే చెప్తుండావు ఇన్నేండ్లుగా."

పోయి అమ్మ ముందర కూర్చున్నాడు. కొంచెం సేపు గోళ్ళు గిల్లుకున్నాడు. తరువాత చెప్పాడు.

"అమ్మా, ఒక ఆఫీసు అనుకో. మన గోడౌను మాదిరే. ఒకటే తలుపు. ఒక మూల నిప్పు పడింది. పొగ యాడనుంచి యాడికి పోతాది, వేడి ఎట్ల పాకుతాది, లోపలుండే మనిషి తలుపుకాడికి వచ్చేకి వ్యవధి ఉంటాదా లేదా. అదే లెక్క. సారు మన వైపు ఆఫీసులకంతా చెప్పేకి చేస్తుండాడు."

అమ్మ "ఏ మూల?" అని మాత్రం అడిగింది.

"అన్ని మూలలూనమ్మా. ఒకదాని తరువాత ఒకటి."

ఆమె లేచింది. మంచినీళ్ళ కుండ తీసుకుంది. నన్ను మంచానికి అవతలి పక్క పట్టుకోమంది. గోడౌను దాకా మేమిద్దరం ఆ నులకమంచాన్ని మోసుకుని పోయాము, దారిలో చూసినవాళ్ళు ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగారు. ఇసుక బొక్కెనలు రెండు తలుపు దగ్గర పెట్టించింది. అరల వరుసకు ఎదురుగా మంచం వేసుకుని కూర్చుని, అప్పుడు తమ్ముడితో అంది.

"మనిషి లేని చోట ఉండకూడదు అని చెప్పినా. మనిషి ఉంటే ఉండొచ్చు కద. వెయ్యి పో."

అప్పటి నుంచి ఆమె ఆ గది విడిచి రాలేదు. అన్నం నేను తీసుకుపోయేదాన్ని. స్నానానికి లేచినప్పుడు మరదలో నేనో ఆ మంచం మీద కూర్చోవాలి, లేకపోతే లేవదు. ఆ ఎండల్లో, ఆ యంత్రాల వేడిలో, చెమట కారుతూ విసనకర్ర విసురుకుంటూ కూర్చునేది. కొన్నిసార్లు ఆ విసనకర్రను తనకు కాకుండా వాటికి విసిరేది. తమ్ముడు నవ్వితే, అదీ ప్రాణం మాదిరే రొప్పుతుండాది, నీకేం పోయింది అనేది. ఆ పచ్చని చిన్న దీపాలు మినుకు మినుకుమంటుంటే చూస్తూ కూర్చోవడం బాగానే ఉంటుందని ఒకసారి నాతో చెప్పింది, మందు ఆరుతున్న చట్రాలను చూస్తున్నట్టే ఉంటుందట. నాకు మాత్రం ఆ చప్పుడుకు తలనొప్పి వచ్చేది.

అప్పుడే మా మేనమామ కూతురి పెళ్ళి వచ్చింది. పెళ్ళి వత్రాప్‌లో, పెళ్ళికొడుకు వాళ్ళ తోటలో. సొంత అన్న కూతురి పెళ్ళికి పోకుండా ఉండడం మా వాళ్ళలో చిన్న సంగతి కాదు, అదీ మేనత్త చేయవలసిన వరుసలు ఉన్న పెళ్ళికి. అమ్మ కదలలేదు. నన్నూ మరదలినీ పంపింది. కొండ కింద ఆ కొబ్బరితోటల చల్లదనంలో పందిట్లోకి అడుగు పెట్టామో లేదో, మామ ఎదురొచ్చి, "మీ అమ్మ యాడ?" అన్నాడు.

"గోడౌనులో ఉండాది మామా."

"ఏం, మిషనుకు కాన్పు చేస్తుండాదా?"

చుట్టూ ఉన్న చుట్టాలందరూ నవ్వారు. నాకూ నోరుంది కదా. "ఔను మామా, నొప్పులు మొదలైనాయి. బిడ్డ పుడితే మీకే ముందర చక్కెర పంపిస్తాం" అన్నాను. ఈసారి ఇంకా ఎక్కువ నవ్వారు, ఆయన తప్ప. "గోడౌను తాళం నాదని చెప్పు మీ అమ్మకు. వచ్చే వారం నేను వస్తా. అంతా ఖాళీ చేసి పెట్టమను" అని చెప్పి పందిట్లోకి పోయాడు. తాంబూలం కూడా సరిగా ఇవ్వలేదు మాకు. తిరిగి వచ్చి ఆ మాట చెబితే అమ్మ విసనకర్ర ఆపకుండానే, చేస్తాములే, ముందు లెక్క కానీ అంది. తమ్ముడి ముఖం మాత్రం తెల్లబోయింది. ఇంకెన్ని రోజులు పడుతుందో ఆ యంత్రాలకే తెలియాలి.

మామ చెప్పినట్టే వచ్చాడు. ఆయన రావడానికి కాస్త ముందే లెక్క తేలింది. గొప్పగా ఏమీ జరగలేదు. గంట మోగలేదు. తెరమీద పరిగెత్తుతున్న అంకెలు ఆగిపోయాయి, ఫ్యాన్ల చప్పుడు కాస్త తగ్గింది. అమ్మ, ఏంరా, ఊపిరి మారింది అంది. కబురు పంపితే సారు వచ్చాడు. ఆయనా తమ్ముడూ కలిసి ఆ అంకెలను బొమ్మగా మార్చారు. ఒక గది, దానికి ఒకటే తలుపు. మూల నుంచి ఎరుపు లేచి, పసుపై, గోడ పొడుగునా పాకి, గది నడుమ ఉన్న మనిషికంటే ముందే తలుపు చేరుకుంటుంది. మామ అప్పటికి తలుపులో నిలబడి ఉన్నాడు, చేతిలో తాళం. ఆయన కూడా చూశాడు. చనిపోయినది ఆయనకూ చెల్లెలే. మా ఇంట్లో ఆ విషయం ఎవరూ ఎత్తరు కాబట్టి అది అందరం మరిచిపోయినట్టే ఉండేవాళ్ళం.

అమ్మ లేచి పోయి తెరమీద, తలుపుకు ఎదురుగోడ మీద వేలు పెట్టింది. ఇక్కడ ఇంకో తలుపు ఉంటే ఎట్లుంటాది అని అడిగింది. అది వేరే లెక్కమ్మా, మొదటి నుంచి మళ్ళీ వేయాలి, మళ్ళీ ఇన్ని రోజులు పడుతుంది అని సారు తమిళంలో మెల్లగా చెప్పాడు. నా లెక్కకు ఇది చాలు అని కూడా అన్నాడు. అమ్మ సారును చూడలేదు. మామను చూసింది. ఆయన చాలాసేపు ఆ అరలను, ఇసుక బొక్కెనలను, మంచాన్ని చూసి, తాళం తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టాడు. అమ్మతో, "నులక వదులైపోయింది. బిగించుకో" అని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు.

బిగించుకుని మళ్ళీ కూర్చుంది. ఆ లెక్క సారు అడిగింది కాదు, దాంతో ఎవరికీ ఉద్యోగం రాదు. అయినా తమ్ముడు దాన్ని వేశాడు. రెండు తలుపులున్న గదిలో ఎరుపు రెండు దిక్కులకూ చీలిపోయి, నడుమ ఉన్న మనిషి బయటపడ్డాక తలుపు చేరింది. ఆ బొమ్మను కాగితం మీద తీయించి సారు కొన్ని ఆఫీసులకు పంచాడని విన్నాను. ఏళాయిరంపన్నై వైపు ఒకరిద్దరు గోడ కొట్టి తలుపు పెట్టించారట. ఎక్కువమంది పెట్టించలేదు. తమ్ముడికి ఉద్యోగం వచ్చింది. మామ ఒక రోజు చెప్పా పెట్టకుండా మేస్త్రీని పంపి గోడౌను వెనకగోడ కొట్టించి తలుపు పెట్టించాడు, అక్కడ అగ్గిపెట్టెలు చేయడం మానేసి ఎన్నో ఏళ్ళయినా సరే. ఊరంతా నవ్వింది. ఆ తలుపు తీస్తే కనిపించేది కరువేల ముళ్ళకంప ఒకటే.

ఆ కంప్యూటర్లన్నీ కాలేజీకి పోయాయి. చల్లని గది, గాజు తలుపు, బయట తాళం. అమ్మను ఒకసారి తీసుకుపోయి చూపించాడు తమ్ముడు. ఆమె గాజులోంచి చూసి, మనిషి యాడ కూర్చుంటాడు అని అడిగింది. ఎవరూ కూర్చోనక్కర లేదమ్మా, ఇంటి నుంచే చూసుకోవచ్చు అన్నాడు. ఓహో అంది. కొన్నాళ్ళకు వాటి బదులు కొత్తవి వచ్చాయి, పాతవి తూకానికి పోయాయి. ఇప్పుడు కాలేజీలో ఆ కొత్తవీ లేవు, లెక్కలన్నీ ఎక్కడో దూరాన ఎవరివో యంత్రాల్లో నడుస్తాయట. ఎక్కడో తమ్ముడికీ తెలియదు. మొన్న నా ఫోను వేడెక్కి ఆగిపోతే బాగుచేయమని ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, విప్పడానికి ఒక మర కూడా లేదక్కా, అంతా అతికించేశారు అని తిరిగి ఇచ్చేశాడు. వాడి గొంతులో కోపం కూడా లేదు. జుట్టు నెరిసింది వాడికి. ఏ చిప్పు మంచిదో చెప్పడం మానేసి చాలా ఏళ్ళయింది. నేను అడగడమూ మానేశాను.

అమ్మ పోయింది. మామ పోయాడు. నేను ఇప్పటికీ ఇల్లు విడిచి బయటికి పోయేటప్పుడు మెయిన్ పిడి కిందికి లాగాకే పోతాను, తిరిగి వచ్చేసరికి ఫ్రిజ్‌లో పాలు విరిగాయని కోడలు సణుగుతూనే ఉంటుంది. గోడౌను వెనక తలుపు కీళ్ళు తుప్పు పట్టకుండా అప్పుడప్పుడూ పోయి నూనె వేసి, ఒకసారి తీసి మూసి వస్తాను. ముళ్ళకంప ఇంకా దగ్గరికి వచ్చింది.

మా కాలంలో యంత్రాలు పాడయ్యేవి కావని నేను చెప్పను. ఇప్పటికంటే ఎక్కువే పాడయ్యేవి, తుమ్ములు కూడా పెట్టించేవి. కానీ అది ఆగినప్పుడు, ఎందుకు ఆగిందిరా అని అడగడానికి పక్కన ఒక మనిషి ఉండేవాడు, తిట్టుకోవడానికైనా ఉండేవాడు. ఇప్పుడు ఆగితే రేపు రండి అంటారు. మరునాడు పోయాను. సర్వర్ లేదన్నారు. ఆ మరునాడూ పోయాను. ఇంత పెద్ద ఊరికి బియ్యం కొలిచే యంత్రాన్ని ఎక్కడో ఒక గదిలో పెట్టి, తాళం వేసి, ఒంటరిగా వదిలేసి ఉంటారు. అది ఎక్కడుందో ఎవరైనా చెబితే, మంచం ఇంకా ఉంది, నులక బిగించి నేనే తీసుకుపోయి కూర్చునేదాన్ని.